కోజియాస్కో కొండల్లోని పాత హట్లలో ఒక రాత్రి: బయలుదేరే ముందు నుంచి తిరిగొచ్చే దాకా

సిడ్నీ, కాన్‌బెరాల్లోని మనవాళ్ళు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది: "అన్నా, కోజియాస్కో నేషనల్ పార్కులో పాత హట్లున్నాయట కదా. బుకింగ్ లేదట, అద్దె లేదట. ఈ వీకెండ్ వెళ్ళి ఒక రాత్రి ఉండి రావచ్చా?"

రావచ్చు. కాకపోతే "బుకింగ్ లేదు" అన్న మాటను చాలామంది "చోటు ఖాయం" అని అర్థం చేసుకుంటున్నారు. దాని అర్థం సరిగ్గా దానికి వ్యతిరేకం. మీరు చేరేసరికి ఆ గది నిండిపోయి ఉండొచ్చు, తలుపు సగం దాకా మంచులో కూరుకుపోయి ఉండొచ్చు. 2003లోనూ 2019-20లోనూ వచ్చిన కార్చిచ్చుల్లో చాలా హట్లు కాలిపోయాయి కాబట్టి, పాత మ్యాపులో కనబడే హట్ ఇప్పుడు అక్కడ లేకపోవచ్చు కూడా.

అందుకే ఈ వ్యాసంలోని ప్రతి సూచనా ఒక్క నియమం మీద ఆధారపడి ఉంటుంది. టెంట్ మీ వెంట ఉండాలి. హట్‌లో చోటు దొరికితే సంతోషం, దొరక్కపోయినా ఆ రాత్రి క్షేమంగా గడిచేలా సిద్ధమై వెళ్ళాలి.

## 1. హట్ అంటే ఏమిటి, ఎందులో ఉండొచ్చు

హట్ అంటే ఇక్కడ రేకులతోనో దుంగలతోనో కట్టిన ఒకటి రెండు గదుల ఇల్లు. పశువులు, గొర్రెలు మేపుకున్నవాళ్ళు, బంగారం తవ్వినవాళ్ళు, స్కీయింగ్ చేసినవాళ్ళు, స్నోయీ జలవిద్యుత్ పథకంలో పనిచేసినవాళ్ళు తమ అవసరానికి కట్టుకున్నవి. లోపల ఒక చెక్క అరుగు, ఒక ఫైర్‌ప్లేస్ లేదా ఇనప పొయ్యి, బహుశా ఒక బల్ల ఉంటాయి. కరెంటు, కుళాయి, పరుపు, కాపలాదారు, తాళం ఏవీ ఉండవు.

వెళ్ళే ముందు ఈ మూడు రకాలనూ విడిగా గుర్తుపెట్టుకోండి.

ఆపదకు మాత్రమే ఉన్నవి. షార్లట్ పాస్ నుంచి కోజియాస్కో శిఖరానికి వెళ్ళే దారిలో సుమారు 6 కిలోమీటర్ల దగ్గర సీమన్స్ హట్ వస్తుంది. 1928 ఆగస్టులో మంచు తుఫానులో చనిపోయిన ఇద్దరు స్కీయర్లలో ఒకరి జ్ఞాపకార్థం మరుసటి ఏడాది దాన్ని కట్టారు. శిఖరానికి దగ్గర్లోని కూటపటంబా హట్ కూడా ఇలాంటిదే. మంచులో కూరుకుపోయినా లోపలికి దిగేందుకు దానికి పైన దారి ఉంటుంది. ఈ రెండింట్లో రాత్రి బసను ప్లాన్ చేసుకోకూడదు. మీరు సరదాగా అరుగు ఆక్రమిస్తే, నిజంగా ప్రాణం మీదికి వచ్చినవాడికి చోటుండదు.

రాత్రి తలదాచుకోగలిగినవి. వైట్స్ రివర్, హార్స్ క్యాంప్, ష్లింక్ పాస్, వాలెంటైన్, మాసన్స్, గ్రే మేర్ లాంటివి. వీటిలో ముందు అర్హత ఆపదలో ఉన్నవాళ్ళది, తర్వాతే మనది.

చూడటానికి మాత్రమే ఉన్నవి. కొన్ని హట్లు మరీ సున్నితంగా ఉంటాయి. జగుంగల్ కొండ దగ్గర్లోని ఓకీఫ్స్ హట్ గోడలకు లోపల 1930ల నాటి వార్తాపత్రికలు అతికించి ఉన్నాయి. ఒక్క కొవ్వొత్తి పక్కకి ఒరిగితే చాలు. అలాంటి చోట లోపలికి తొంగిచూసి, బయట టెంట్ వేసుకోవడమే పద్ధతి.

విక్టోరియాలోని ఆల్పైన్ నేషనల్ పార్కుకు వెళ్ళేవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. 1889లో కట్టిన వాలెస్ హట్‌తో సహా అక్కడి హట్లను వసతి గృహాలుగా లెక్కేసుకోకూడదు.

## 2. ఏ నెలలో వెళ్ళాలి

మొదటిసారి వెళ్ళేవాళ్ళకు నా సలహా ఫిబ్రవరి, మార్చి. మంచు దాదాపు ఉండదు, దారి కనబడుతుంది, పగలు పొడుగ్గా ఉంటుంది. జనవరిలో కూడా వెళ్ళొచ్చు గానీ మార్చ్ ఫ్లైస్ అనే పెద్ద కుట్టే ఈగలు ఊపిరి తీసుకోనివ్వవు. మధ్యాహ్నం దాటాక ఉరుములు మెరుపులు కూడా మామూలే.

వేసవి కదా అని తేలిగ్గా తీసుకోకండి. ఈ ఎత్తులో ఏ నెలలోనైనా మంచు కురవగలదు. డిసెంబరు రాత్రి కూడా సున్నా దగ్గరికి దిగగలదు. ఆస్ట్రేలియాలో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత, మైనస్ 23 డిగ్రీలు, షార్లట్ పాస్‌లోనే 1994 జూన్ 29న నమోదైంది.

చలికాలం ప్రయాణం వేరే విద్య. స్కీల మీదో స్నోషూల మీదో నడవడం, మంచులో టెంట్ వేయడం, ఏమీ కనబడని తెల్లటి మబ్బులో దారి పట్టడం వచ్చాకే అటు వెళ్ళాలి. వేసవిలో కనీసం రెండుసార్లు అదే హట్‌కు వెళ్ళొచ్చిన తర్వాత, అనుభవం ఉన్నవాళ్ళ తోడుతో వెళ్ళండి. జూన్ 1 నుంచి అక్టోబరు 10 దాకా ఈ పార్కులోకి వచ్చే టూ వీల్ డ్రైవ్ కార్లలో టైర్లకు కట్టే మంచు గొలుసులు ఉండి తీరాలని చట్టం ఉందనీ మర్చిపోకండి.

లాంగ్ వీకెండ్లు వదిలేయండి. వారం మధ్యలో సెలవు దొరికితే అంతకన్నా మంచిది లేదు.

## 3. మొదటి ప్రయాణానికి ఒక దారి

ఎక్కడికెళ్ళాలో తేల్చుకోలేనివాళ్ళకు నేను ఎప్పుడూ చెప్పేది గుతేగా పవర్ స్టేషన్ నుంచి వైట్స్ రివర్ హట్‌కు వెళ్ళే దారి. కాన్‌బెరా నుంచి కొండల కింద ఉన్న జిండబైన్ ఊరికి కారులో రెండున్నర గంటలు, సిడ్నీ నుంచైతే ఐదారు గంటలు. జిండబైన్ నుంచి కోజియాస్కో రోడ్డు, అక్కడి నుంచి గుతేగా రోడ్డు. కారుకు పార్కు పాస్ తీసుకోవాలి.

పవర్ స్టేషన్ దగ్గర కారు ఆపి, గేటు దాటి, మట్టిరోడ్డు వెంట నడక. దూరం సుమారు 8 కిలోమీటర్లు, ఎక్కేది దాదాపు 400 మీటర్లు. మొదటి భాగం నిటారుగా ఉంటుంది, మీ ఊపిరి అక్కడే పరీక్షకు వస్తుంది. తర్వాత లోయ పక్కనే దారి నెమ్మదిగా ఎక్కుతుంది. బరువుతో మూడు గంటలు పెట్టుకోండి, పిల్లలుంటే నాలుగున్నర.

ఈ దారిని ఎంచుకోవడానికి కారణాలున్నాయి. రోడ్డు వెడల్పుగా ఉంటుంది కాబట్టి దారి తప్పడం కష్టం. మధ్యలో హార్స్ క్యాంప్ హట్‌కు వెళ్ళే దారి చీలుతుంది కాబట్టి అలసిపోతే అక్కడ ఆగొచ్చు. వైట్స్ రివర్ నిండిపోతే పక్కన టెంట్ వేసుకునే చోటుంది. ఓపిక మిగిలితే మర్నాడు బరువు హట్ దగ్గరే టెంట్‌లో పెట్టి, ష్లింక్ కనుమ దాకా ఎక్కి రావచ్చు.

ఒక హెచ్చరిక. హట్‌కు పైన రోలింగ్ గ్రౌండ్స్ అనే మైదానం ఉంది. గుర్తుపట్టడానికి ఒక ఆనవాలు కూడా లేని నేల అది. మబ్బు దిగితే అనుభవజ్ఞులు కూడా అక్కడ గుండ్రంగా తిరుగుతారు. మొదటిసారి వెళ్ళినప్పుడు అడ్డదారి అనుకుని అటు పోవద్దు.

## 4. సంచిలో ఏముండాలి

ముందు పడక సంగతి. రేకుల హట్ గాలిని, వానను ఆపుతుంది, చలిని ఆపదు. తెల్లవారుజామున లోపలా బయటా దాదాపు ఒకే చలి ఉంటుంది. స్లీపింగ్ బ్యాగ్ మీద రెండు అంకెలుంటాయి: కంఫర్ట్, లిమిట్. కొట్లో పెద్ద అక్షరాల్లో కనబడేది చాలాసార్లు లిమిట్. మీరు చూడాల్సింది కంఫర్ట్. వేసవికి కంఫర్ట్ సున్నా డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువ ఉన్నది తీసుకోండి. కింద పరుచుకునే మ్యాట్‌కు ఆర్-వాల్యూ అనే అంకె ఉంటుంది, అది ఎంత పెద్దదైతే నేల చలిని అంత ఆపుతుంది. "హట్‌లో చెక్క అరుగుందిగా" అని మ్యాట్ వదిలేసి వెళ్ళినవాళ్ళు రాత్రంతా కూర్చునే గడిపారు.

బట్టల్లో ఒకే ఒక్క గట్టి నియమం: ఒంటికి ఆనేవి నూలువి కాకూడదు. జీన్స్, కాటన్ టీషర్టు ఒకసారి తడిస్తే ఆరవు, ఒంట్లో వేడినంతా లాగేస్తాయి. ఉన్ని, ఫ్లీస్, పాలియెస్టర్ తీసుకోండి. స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని, గాలి ఆపే జాకెట్ లేకుండా వచ్చేవాళ్ళను ప్రతిసారీ చూస్తుంటాను. కొండ మీద చలికన్నా గాలే ఎక్కువ బాధపెడుతుంది.

వెళ్ళే ముందు రాత్రి ఈ పట్టిక చూసి ఒక్కొక్కటీ నేల మీద పరవండి, తర్వాతే సర్దండి.

- టెంట్, మేకులు, తాళ్ళు (గాలికి నిలిచే రకం, వరండాలో వేసుకునే పిల్లల టెంట్ కాదు)
- స్లీపింగ్ బ్యాగ్, మ్యాట్
- వాన జాకెట్, వాన ప్యాంటు
- ఫ్లీస్, ఉన్ని టోపీ, చేతి తొడుగులు
- పడుకునేటప్పుడు మాత్రమే వేసుకునే పొడి బట్టల జత, పొడి మేజోళ్ళు, అన్నీ ప్లాస్టిక్ సంచిలో చుట్టి
- స్టవ్, గ్యాస్ క్యానిస్టర్, లైటర్, విడిగా అగ్గిపెట్టె
- గిన్నె, చెంచా, కప్పు
- హెడ్‌ల్యాంప్, అదనపు బ్యాటరీలు
- కాగితం మ్యాప్, దిక్సూచి, ఫోన్‌లో ముందే దించుకున్న ఆఫ్‌లైన్ మ్యాప్
- పీఎల్‌బీ (6వ అంశంలో చెబుతాను)
- ఫస్ట్ ఎయిడ్, పాముకాటుకు కట్టే వెడల్పాటి ఎలాస్టిక్ కట్టు
- చిన్న పార, టాయిలెట్ పేపర్, చేతులు శుభ్రం చేసుకునే జెల్
- చెత్తకు రెండు గట్టి సంచులు

గ్యాస్ గురించి ఒక మాట. ఇండియన్ స్టోర్ పక్కన చవగ్గా దొరికే పొడుగాటి డబ్బాల్లో ఎక్కువగా బ్యూటేన్ ఉంటుంది. సున్నా దగ్గర అది ఆవిరి కాదు, స్టవ్ వెలగదు. ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిపిన క్యానిస్టర్ కొనండి. రాత్రి దాన్ని స్లీపింగ్ బ్యాగ్‌లో కాళ్ళ దగ్గర పెట్టుకుంటే పొద్దున టీకి తిప్పలుండవు.

## 5. తిండి: మన వంటల్లో ఏది నడుస్తుంది, ఏది నడవదు

దీని గురించి కొంచెం ఎక్కువే చెబుతాను. మనవాళ్ళు మోసే బరువులో సగం ఇక్కడే ఉంటుంది, తప్పులు కూడా ఇక్కడే.

వైట్స్ రివర్ హట్ 1,700 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ నీళ్ళు 94 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కందిపప్పు కుక్కర్ లేకుండా ఉడకదు, గ్యాస్ అయిపోతుంది గానీ పప్పు పలుకుగానే ఉంటుంది. మామూలు బియ్యం ఉడుకుతాయి గానీ అరగంట మంట తింటాయి. కుక్కర్ మోసుకెళ్ళిన కుటుంబాన్ని కూడా చూశాను. వద్దు.

నడిచేవి:

ఇంట్లోనే తాలింపు వేసి, జీడిపప్పు, ఎండుమిర్చి, కరివేపాకుతో దోరగా వేయించిన ఉప్మా రవ్వ. పూర్తిగా చల్లారాక ఒక్కొక్కరికి ఒక్కో సంచి కట్టుకోండి. అక్కడ ఒక గ్లాసు రవ్వకు రెండున్నర గ్లాసుల మరిగే నీళ్ళు పోసి, కలిపి, మూతపెట్టి, గిన్నెను ఫ్లీస్‌లో చుట్టి పది నిమిషాలు వదిలేయండి. మంట అక్కర్లేదు.

అటుకులు ఇంకా తేలిక. పల్చటివి తీసుకుంటే వేడినీళ్ళు చల్లి ఐదు నిమిషాలు ఆగితే చాలు. నిమ్మ ఉప్పు, వేయించిన పల్లీలు, తాలింపు ఇంటి దగ్గరే కలిపి పెట్టుకోండి.

మొదటి రోజు మధ్యాహ్నానికి చింతపండు పులిహోర. అది ఆ చల్లటి గాలికి సాయంత్రం దాకా చెడదు. రాత్రికి చపాతీలు, నెయ్యి, కారప్పొడి. పప్పు తినకపోతే నిద్రపట్టని ఇళ్ళవాళ్ళు ఉడికించి ఆరబెట్టిన పెసరపప్పు పొడి తీసుకెళ్తే వేడినీళ్ళలో చారులా కలుస్తుంది.

జాగ్రత్త పడాల్సినవి:

ఆవకాయ. నూనె కారి బ్యాగంతా పాకితే స్లీపింగ్ బ్యాగ్ పనికిరాకుండా పోతుంది. గట్టి మరమూత ఉన్న చిన్న సీసాలో నాలుగు చెంచాలు చాలు, దాన్ని మళ్ళీ రెండు సంచుల్లో కట్టండి. వాసనకు ఎలుకలు కూడా వస్తాయి, ఆ సంగతి తర్వాత.

లెక్కకు మించి ఒక పూట తిండి ఎప్పుడూ ఉండాలి. అది వండకుండా తినగలిగేదై ఉండాలి: వేరుశనగ చిక్కీలు, ఖర్జూరాలు, సున్నుండలు. వాన పట్టుకుని ఒక రోజు హట్‌లోనే ఆగిపోవాల్సి వస్తే ఆ పూట విలువ తెలుస్తుంది. వేసవిలో టోటల్ ఫైర్ బ్యాన్ పెట్టిన రోజు నిప్పు మీద నిబంధనలు కఠినమవుతాయి, అప్పుడు కూడా ఇదే ఆదుకుంటుంది.

## 6. బయలుదేరే ముందు రోజు

1. పార్కు హెచ్చరికల పేజీ చూడండి. దారి మూసివేతలు, కార్చిచ్చులు, హట్ మరమ్మతులు అక్కడ పెడతారు.

2. బ్యూరో ఆఫ్ మీటియరాలజీ వెబ్‌సైట్‌లో వాతావరణం చూడండి. జిండబైన్ వాతావరణం కాదు, కొండపైది. గాలి వేగం తప్పకుండా చూడాలి. అనుమానం ఉంటే వాయిదా వేయండి, హట్ ఎక్కడికీ పోదు.

3. పీఎల్‌బీ తెచ్చుకోండి. పర్సనల్ లొకేటర్ బీకన్ అంటే బొత్తాం నొక్కితే ఉపగ్రహం ద్వారా మీరున్న చోటును రక్షణ దళాలకు చెప్పే చిన్న పరికరం. కొనాలంటే ఖరీదు, కానీ జిండబైన్‌లోని పార్కు సందర్శకుల కేంద్రంలో ఉచితంగా అరువిస్తారు. ముందే ఫోన్ చేసి ఉన్నాయో లేవో కనుక్కోండి. లోయల్లో ఫోన్ సిగ్నల్ ఉండదు.

4. ఇంట్లో ఒకరికి కాగితం మీద రాసిపెట్టండి: ఎవరెవరు వెళ్తున్నారు, కారు నంబరు, ఎక్కడ ఆపుతున్నారు, ఏ దారి, ఏ హట్, ఎప్పుడు తిరిగొస్తారు, ఎన్ని గంటలు దాటితే 000కు ఫోన్ చేయాలి. "ఆదివారం సాయంత్రం వచ్చేస్తాం" అని చెప్పి వెళ్ళకండి. "ఆదివారం రాత్రి 8 గంటలకు మా ఫోన్ రాకపోతే పోలీసులకు చెప్పు" అని చెప్పండి. ఇండియాలో ఉన్న అమ్మానాన్నలకు కాదు, ఇక్కడే ఉన్న స్నేహితులకు.

## 7. హట్ చేరాక మొదటి అరగంట

మధ్యాహ్నం మూడింటికల్లా చేరేలా నడవండి. చేరగానే కూర్చోకండి, చెమట బట్టల మీద చలి ఎక్కుతుంది. ఈ వరసలో చేయండి.

1. తడి బట్టలు విప్పి పొడివి, టోపీ వేసుకోండి. పిల్లలకు ముందు.

2. లోపల ఎవరైనా ఉంటే పలకరించండి. ఎంతమంది ఉన్నారు, ఇంకెవరైనా వస్తున్నారా అడగండి. చోటు ఇరుకుగా ఉందనిపిస్తే అప్పుడే వెలుగుండగానే టెంట్ వేసేయండి.

3. చోటున్నా సరే, ఆకాశం బాగుంటే టెంటే వేసుకోండి. హట్‌ను వంటకు, కబుర్లకు వాడుకోండి. నలుగురికన్నా ఎక్కువమంది కలిసి వెళ్తే ఇది తప్పనిసరి అనుకోండి. మన బృందం ఒక్కటే హట్ నింపేస్తే, తడిసి వచ్చేవాడు బయటే ఉండాల్సి వస్తుంది.

4. టెంట్‌ను స్నోగమ్ చెట్ల కొమ్మల కింద వేయకండి. కాలి ఎండిపోయిన కొమ్మలు గాలికి విరిగి పడతాయి.

5. లాగ్ బుక్‌లో పేరు, తేదీ, ఎక్కడి నుంచి వచ్చారు, రేపు ఎటు వెళ్తారు రాయండి. మీకోసం వెతకాల్సి వస్తే మొదట తెరిచేది ఆ పుస్తకమే.

6. నీళ్ళు తెచ్చుకోండి. చీకట్లో వాగు ఒడ్డున రాళ్ళు జారతాయి.

## 8. నిప్పు, గాలి, బూడిద

ఈ హట్లకు కార్చిచ్చు తర్వాత పెద్ద శత్రువు లోపలి నిప్పే. వాలంటీర్లు దశాబ్దాలుగా కోజియాస్కో హట్స్ అసోసియేషన్ తరఫున రేకు రేకు మోసుకొచ్చి వీటిని నిలబెడుతున్నారు. ఒక్క రాత్రి అజాగ్రత్తతో ఆ శ్రమంతా పోతుంది. కాబట్టి ఈ భాగాన్ని తొందరపడకుండా చదవండి.

నిజంగా నిప్పు కావాలా? ఎవరైనా తడిసి వణుకుతుంటే కావాలి. ఊరికే సరదాకైతే వద్దు. ఈ ఎత్తులో చెట్లు చాలా నెమ్మదిగా పెరుగుతాయి, కట్టెలు తక్కువ.

కట్టెలు. నేల మీద పడి ఎండినవే. నిలబడి ఉన్న చెట్టు ఎండిందైనా ముట్టుకోకూడదు. హట్ చెక్కలు, పాత కంచె కర్రలు అసలే వద్దు, అవన్నీ వారసత్వ సంపద. వాడినంత కట్టె, కొన్ని చితుకులు మళ్ళీ లోపల పొడి చోట పెట్టి వెళ్ళండి. మీ తర్వాత వచ్చేవాడి చేతులు అగ్గిపుల్ల గీయలేనంత మొద్దుబారి ఉండొచ్చు.

మంట పరిమాణం. రెండు చేతుల దోసిలి వెడల్పు చాలు. పొగగొట్టం ఎర్రబడేంత మంట పెడితే గోడ అంటుకుంటుంది. పొయ్యి నోటికన్నా పొడుగైన కట్టె పెట్టి, కాలేకొద్దీ లోపలికి తోద్దామనుకోవడం చాలా ప్రమాదం. నిద్రపట్టిందంటే అది జారి చెక్క నేల మీద పడుతుంది.

గాలి. స్టవ్ వెలిగించే ముందు కిటికీ లేదా తలుపు కొంచెం తెరవండి. చలికి అన్నీ బిగించి లోపల వంట చేస్తే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి వాసన ఉండదు. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, మత్తు: ఈ మూడింట్లో ఏది కనిపించినా స్టవ్ ఆపి అందరూ బయటికి రండి. టెంట్ లోపలైతే స్టవ్ వెలిగించనే కూడదు. చలిమంట కోసం కుంపటి లాంటివి పెట్టుకుని పడుకోవడం ప్రాణం తీస్తుంది.

స్టవ్ చోటు. చెక్క బల్ల మీద నేరుగా కాదు, రాయి మీదో రేకు ముక్క మీదో. గ్యాస్ క్యానిస్టర్ మార్చేటప్పుడు బయటికెళ్ళి మార్చండి, పక్కన కొవ్వొత్తి వెలుగుతూ ఉండకూడదు.

బూడిద. పైకి చల్లారినట్టు కనిపించే బూడిదలో నిప్పు మర్నాటి దాకా బతికి ఉంటుంది. నీళ్ళు పోసి, కలిపి, మళ్ళీ పోసి, చేతి వెనక భాగం దగ్గరగా పెట్టి చూడండి. వెచ్చగా అనిపిస్తే ఇంకా పోయండి. బూడిద తీయాల్సి వస్తే ఇనప బకెట్లోకే. ప్లాస్టిక్ బకెట్లోకి, అట్టపెట్టెలోకి, గోడ పక్కకి ఎప్పుడూ కాదు.

మెయిన్ రేంజ్ (కోజియాస్కో శిఖరం ఉన్న ప్రధాన కొండల వరస) మీద ఎత్తైన ప్రాంతంలో బయట కట్టెల మంట అసలు పెట్టకూడదు, స్టవ్ మాత్రమే. బ్లూ లేక్, క్లబ్ లేక్, ఆల్బినా, కూటపటంబా సరస్సుల పరీవాహక ప్రాంతాల్లో టెంట్ కూడా వేయకూడదు.

## 9. రాత్రి

తొమ్మిదింటికి హట్‌లో నిశ్శబ్దం మొదలవుతుంది. ఫోన్‌లో పాటలు పెట్టొద్దు, హెడ్‌ల్యాంప్ ఎదుటివాళ్ళ కళ్ళలోకి కొట్టొద్దు. అర్ధరాత్రి ఎవరైనా తలుపు తడితే లేచి జరగండి. నిండిపోయింది అన్న మాట ఇక్కడ చెల్లదు.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు నా దగ్గర టెంట్ లేదు. వాన, చీకటి, హట్ నిండా జనం. ఒక పెద్దాయన ఏమీ అడక్కుండా తన స్లీపింగ్ బ్యాగ్ గోడవైపు జరిపి, వేడి టీ చేతికిచ్చి, పొద్దున్నే టెంట్ గురించి చెప్పారు. ఆ చోటు నాకు దొరికినందుకు ఇంకొకరు తడి టెంట్‌లోకి వెళ్ళారని తర్వాత తెలిసింది. అప్పటి నుంచి టెంట్ లేకుండా ఒక్కసారీ గేటు దాటలేదు.

ఎలుకల సంగతి. తిండి, టూత్‌పేస్టు, చెత్త అన్నీ ఒక గట్టి సంచిలో కట్టి, పైకప్పు దూలానికి తాడుతో వేలాడదీయండి. బ్యాక్‌ప్యాక్ జేబులు ఖాళీ చేసి తెరిచే ఉంచండి. జిప్ వేసి ఉంటే చిక్కీ ముక్క కోసం కొత్త బ్యాగుకు కన్నం పెడతాయి. ఇవి ఈ కొండల సొంత జంతువులు, మందు పెట్టడం, కొట్టడం చేయకూడదు.

పడుకునే ముందు వేడినీళ్ళు గట్టి సీసాలో పోసి మేజోడులో దూర్చి కాళ్ళ దగ్గర పెట్టుకోండి. బూట్లు లోపలే ఉంచండి. రాత్రి బయటికి వెళ్ళాల్సి వస్తే బద్ధకించకండి, ఆపుకుంటే చలి ఇంకా ఎక్కువ అనిపిస్తుంది.

## 10. నీళ్ళు, మరుగు

వాగు నీళ్ళు అద్దంలా ఉన్నా మరిగించే తాగండి. బుడగలు తెర్లేలా మరిగాక ఒక నిమిషం, 2,000 మీటర్లు దాటితే మూడు నిమిషాలు. మంచు కరిగించాలంటే గిన్నె అడుగున ముందు కొంచెం నీళ్ళు పోయండి, లేదంటే గిన్నె మాడి నీళ్ళకు ఆ వాసన పడుతుంది.

గిన్నెలు, పళ్ళు వాగులో కడగొద్దు. నీళ్ళు తెచ్చుకుని, వంద అడుగులు వేసి దూరంగా వెళ్ళి, సబ్బు లేకుండా.

కొన్ని హట్ల దగ్గర గుంట మరుగుదొడ్డి ఉంటుంది, అందులో చెత్త వేయకండి. లేనిచోట నీటికీ దారికీ 100 మీటర్ల దూరంలో 15 సెంటీమీటర్ల గుంట తవ్వి పూడ్చాలి. తడి తుడుపు కాగితాలు, శానిటరీ ప్యాడ్లు, డైపర్లు పూడ్చకూడదు, వెంట తెచ్చేయాలి. మంచు ఉన్నప్పుడు, చెట్లు లేని ఎత్తులో గుంట తవ్వడం కుదరదు, మలాన్ని కూడా మూత గట్టిగా ఉన్న గొట్టంలో మోసుకు రావాలి. వినడానికి ఇబ్బందిగా ఉన్నా, వసంతంలో ఆ మంచు కరిగి వాగులోకే వస్తుంది.

## 11. తరచూ జరిగే తప్పులు, సరిదిద్దుకునే దారి

ఆలస్యంగా బయలుదేరడం. జిండబైన్‌లో భోజనం చేసి, ఫొటోలు తీసుకుని, మూడింటికి నడక మొదలుపెడతారు. మధ్యాహ్నం 12 దాటితే ఆ రోజు కొండెక్కకండి. గుతేగా రోడ్డులో ఉన్న ఐలాండ్ బెండ్ క్యాంప్‌గ్రౌండ్‌లో టెంట్ వేసుకుని పొద్దున్నే వెళ్ళండి.

మబ్బు దిగాక కూడా నడవడం. దారి కనబడకపోతే ఆగండి. చివరిసారి కచ్చితంగా తెలిసిన చోటికి వెనక్కి వెళ్ళండి. అదీ కుదరకపోతే గాలి తగలని చోట టెంట్ వేసి లోపల కూర్చోండి. "హట్ ఇక్కడే ఎక్కడో" అని వెతకడం వల్లే జనం తప్పిపోతారు.

చలి దెబ్బను గుర్తించకపోవడం. వణుకు, తడబడే అడుగులు, ముద్దగా వచ్చే మాట, "నన్ను వదిలేయండి" అనడం. వెంటనే తడి బట్టలు తీసి, పొడివి వేసి, స్లీపింగ్ బ్యాగ్‌లో దూర్చి, తెలివిలో ఉంటే తియ్యటి వేడి పానీయం ఇవ్వండి. వణుకు ఆగి మగతగా మారితే బాగుపడ్డారని కాదు, పరిస్థితి ముదిరిందని. అప్పుడు పీఎల్‌బీ నొక్కడానికి ఆలోచించకండి.

ఒకరు ముందు, ఒకరు వెనక. బలంగా నడిచేవాళ్ళు ముందు హట్ చేరి వంట మొదలుపెడతారు, టెంట్ వెనకవాళ్ళ దగ్గర ఉండిపోతుంది. అందరిలో నెమ్మదైన మనిషిని ముందు నడిపించండి. పిల్లల దగ్గర కూడా సొంత జాకెట్, విజిల్, కొంచెం తిండి ఉండాలి.

జ్ఞాపికలు. తుప్పు పట్టిన మేకు, పాత సీసా, గుర్రపు నాడా ఏదీ తీసుకురాకూడదు. గోడ మీద పేర్లు చెక్కకూడదు. మీవాళ్ళెవరైనా చెక్కబోతే ఆపండి.

## 12. హట్ వదిలేటప్పుడు

- నిప్పు పూర్తిగా ఆరిందా? చేత్తో చూశారా?
- కట్టెలు, చితుకులు లోపల పెట్టారా?
- నేల ఊడ్చారా? మెతుకులు, తాలింపు గింజలు మిగిలితే ఎలుకలు మరిగిపోతాయి
- మిగిలిన తిండిని "ఎవరికైనా పనికొస్తుంది" అని వదిలేశారా? తీసేయండి, అదీ చెత్తే
- మీది కాని చెత్త కనబడితే మోయగలిగినంత మోస్తున్నారా?
- కిటికీలు మూశారా? తలుపు గడియ పడిందా, లాగి చూశారా? సందు ఉంటే మంచు లోపలికి చేరి, కరిగి, నేల చెక్కలు కుళ్ళిపోతాయి
- రేకు ఊడటం, పొగగొట్టం కదలడం లాంటివి చూస్తే ఫొటో తీసి, పార్కు కార్యాలయానికి చెప్పడానికి గుర్తు పెట్టుకున్నారా?

కారు దగ్గరికి వచ్చి, సిగ్నల్ దొరకగానే మొదటి ఫోన్ మీకోసం కాగితం పట్టుకుని కూర్చున్న స్నేహితుడికి. పీఎల్‌బీని జిండబైన్‌లో తిరిగిచ్చేయండి, దానికోసం ఇంకొకరు ఎదురుచూస్తుంటారు. ఇంటికెళ్ళాక ఎంత అలసిపోయినా ఆ రాత్రే టెంట్‌నూ స్లీపింగ్ బ్యాగ్‌నూ విప్పి గ్యారేజీలో తాడు మీద ఆరేయండి. తడిగా మడిచి పెడితే వారంలో బూజు పట్టి, వచ్చేసారికి పనికిరాకుండా పోతాయి.